గరువు భూమిలో మొక్కజొన్నకు కరిగిపోయే మల్చింగ్ షీట్: కొన్ని రబీలు వాడాక

విశాఖ దగ్గర ఆనందపురం నుంచి పద్మనాభం వెళ్లే వైపు మాది ఎర్ర గరువు (మెట్ట) భూమి. సంక్రాంతి దాటాక బోరు సన్నగిల్లుతుంది. అందుకే రబీ మొక్కజొన్నకు డ్రిప్ మీద, నేల మీద పరిచే, తర్వాత భూమిలో కలిసిపోయే నల్ల మల్చింగ్ షీట్ వాడుతున్నాను. వస్తువు మంచిదే. కానీ అది మిగిల్చే నీళ్లన్నీ పంట తొలి దశలోనివే. షీట్ వేశాం కదా అని చివరిదాకా తడి తగ్గిస్తే దిగుబడి పోతుంది.

మొక్కజొన్న సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు వదులుతాం. మోకాలి ఎత్తు దాటి ఆకులు కమ్ముకునేదాకా ఎండ నేరుగా నేల మీదే పడుతుంది. ఎర్ర నేల పైపొర తొందరగా ఎండిపోతుంది. అప్పుడు మనం పెట్టే నీరు మొక్క తాగేదానికన్నా ఆవిరయ్యేదే ఎక్కువ. షీట్ ఆపేది ఆ ఆవిరినే. షీట్ ఎత్తి చూస్తే మట్టి చేతికి చల్లగా, పదునుగా తగులుతుంది. కలుపు కూడా నల్ల షీట్ కింద లేవదు. సాళ్లు మూసుకున్నాక పంట నీడే ఆ పని చేస్తుంది. షీట్ చిరగడం మొదలయ్యేది కూడా దాదాపు అప్పుడే. కాబట్టి దాని ఆయుష్షు తక్కువని నేను బెంగపడను.

ఒకే చేనులో తడులు వేరువేరుగా ఇచ్చి చూశాను. మొదట్లో మాత్రం తగ్గించి, పూత నుంచి పూర్తిగా ఇచ్చిన సాళ్లు, మొదటి నుంచీ పూర్తి తడి ఇచ్చిన వాటికి తీసిపోలేదు. చివరిదాకా సగం తడే ఇచ్చిన సాళ్లలో కండెల కొసలు బోసిగా మిగిలాయి. బెట్ట తగిలితే కండె పీచు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి జల్లు (మొక్క కొసన వచ్చే మగపూత) నుంచి పుప్పొడి రాలిపోయి ఉంటుంది. ఇక గింజ ఎలా కడుతుంది? మొక్కజొన్నకు పంటకాలమంతా కలిపి 500 నుంచి 800 మిల్లీమీటర్ల నీరు కావాలంటారు. అందులో పూతకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఇచ్చేదే ప్రాణం. బోరు బలహీనంగా ఉన్నవాళ్లు తొలి నెలలో మిగిల్చుకున్న నీళ్లు ఆ రోజులకు దాచుకోవాలి.

మామూలు ప్లాస్టిక్ షీట్ మానేయడానికి అసలు కారణం వేరు. మొక్కజొన్న మోళ్లలో అది చిక్కుకుని ముక్కలవుతుంది, కూలీలను పెట్టినా పూర్తిగా రాదు. మేతకొచ్చిన పశువులు ఆ ముక్కలు తింటుంటే చూడలేం. చైనా వాయవ్య మెట్ట భూముల్లో ఏళ్ల తరబడి పలచటి షీట్లు వాడి, నేల నిండా ప్లాస్టిక్ పేరుకున్నాక, 2018 నుంచి కనీసం 10 మైక్రాన్ల మందం ఉండాలన్న ప్రమాణం తెచ్చారు. చిరగకుండా తీయగలగాలని. మనం అక్కడిదాకా పోనక్కర్లేదు.

కరిగే షీట్‌ను పీబీఏటీ అనే పదార్థంతో, పిండి పదార్థమో, పీఎల్ఏ అనే మొక్కల నుంచి తీసే ప్లాస్టిక్కో కలిపి చేస్తారు. దాన్ని నేలలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 17033 ప్రకారం, పరీక్షలో రెండేళ్లలోపు 90 శాతం నేలలో జీర్ణం కావాలి. మా చేనులో మట్టి కప్పిన అంచులు ముందు పోయాయి, పైనున్న ముక్కలు మాత్రం దుక్కి దున్ని వాన పడేదాకా కనిపించాయి. కొనేటప్పుడు ‘ఆక్సో’ అని రాసినది తీసుకోవద్దు. అది పొడిపొడిగా విరుగుతుందే తప్ప కరిగిపోతుందన్న నమ్మకం లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ధర మామూలు షీట్ కన్నా బాగా ఎక్కువ. సముద్రపు గాలికి షీట్ జరిగి, రంధ్రం ఒకచోట, మొలక ఒకచోట అవుతాయి. అంచుల మీద మట్టి గట్టిగా తొక్కాల్సిందే. యూరియా పైన చల్లడం కుదరదు, డ్రిప్‌లోనే పంపాలి. మొక్క మొదలుకు మట్టి ఎగదోయలేం, అందుకని గాలికి పడిపోయే రకాలు వద్దు. మిగిలిన రోలు వచ్చే ఏడాదికని ఎండ తగిలేచోట పెడితే పెళుసుబారుతుంది, సీజన్‌కు ఎంత కావాలో అంతే కొనాలి. ఖరీఫ్‌లో వానలుండగా ఇంత డబ్బు పెట్టడం దండగ. తుపానుల టెన్షన్ కాస్త తగ్గాక వేసే రబీ పంటకైతే మళ్లీ కొంటాను.