కారు పాలిష్‌కని ఇచ్చి పెయింటే గీకించుకొచ్చాను, జాగ్రత్త

కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. నల్ల కారు బోనెట్ మీద నీళ్ళు ముత్యాల్లా జారిపోతుంటే వెనక మ్యూజిక్ పెట్టి వీడియోలు వదులుతారే, ఆ రకం. మీలో సగం మంది అలాంటి చోటికి వెళ్ళొచ్చే ఉంటారు, మిగతా సగం వచ్చే నెల వెళ్దామనుకుంటూ ఉంటారు. ఆ రెండో సగం కోసమే ఇది.

నాది నల్ల కారు, కొని రెండేళ్ళయింది. పార్కింగ్ పక్కన ఏదో ఒక బిల్డింగ్ లేస్తూనే ఉంటుంది, తెల్లారేసరికి బోనెట్ మీద వేలితో పేరు రాసుకోవచ్చు. ఒకసారి మా తమ్ముడు ప్రేమగా పొడి గుడ్డ తీసుకుని ఆ దుమ్మంతా తుడిచేశాడు. వాడి మీద ఎంత అరిచానో నాకే తెలుసు. "దుమ్ములో ఇసుక ఉంటుందిరా, అది పెయింట్ కంటే గట్టిది, నువ్వు తుడవట్లేదు, శాండ్ పేపర్ పెట్టి రుద్దుతున్నావు" అని పావుగంట క్లాసు పీకాను. అన్నీ తెలిసినవాణ్ణి మరి.

సరే, కాస్త దుమ్ము అంటకుండా, అంటినా తేలిగ్గా వదిలిపోయేలా వ్యాక్స్ వేయిద్దామని వెళ్ళాను. నేను అడిగింది వ్యాక్స్ మాత్రమే. షాపు ఓనర్ అన్నాడు, "వ్యాక్స్ పాతకాలం సార్, రెండు నెలలు కూడా ఉండదు. పాలిష్ చేసి సెరామిక్ వేద్దాం, 9హెచ్. వజ్రం 10 అయితే ఇది 9. ఇసుక కాదు కదా, తాళంచెవితో గీసినా గీత పడదు." సెరామిక్ అంటే పెయింట్ మీద పూస్తే ఆరి గట్టిపడే కోటింగ్. ఈ 9హెచ్ అనేది పెన్సిళ్ళ లెక్క అండీ! హెచ్‌బీ, 2హెచ్ అని బడిలో కొనుక్కునేవాళ్ళం చూడండి, అవే. ఏ పెన్సిల్‌తో గీస్తే గీత పడుతుందో చూసే పరీక్ష అది. వజ్రం 10 ఉండేది మోస్ స్కేలు మీద, అది రాళ్ళ గట్టిదనం కొలిచేది, రెండింటికీ ఏ సంబంధమూ లేదు. దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుక ఆ మోస్ స్కేలు మీద 7. పెన్సిల్‌కి తట్టుకున్నంత మాత్రాన ఇసుకకి తట్టుకుంటుందా? ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికితే దొరికే సంగతి. వెతకలేదు, తలూపాను. నాలుగు టైర్లూ మార్చుకునేంత డబ్బు అక్కడికక్కడే కట్టేశాను.

కారు కడుగుతున్నప్పుడే లేచి వచ్చేయాల్సింది. ఒకటే బకెట్. ప్రెషర్ నీళ్ళు ఊరికే అలా చూపించి, ఇక స్పాంజి ముంచడం, బురద ఉన్న డోర్ల కింది భాగం రుద్దడం, మళ్ళీ అదే నీళ్ళలో ముంచి బోనెట్ మీదికి. బకెట్ అడుగున ఇసుక నేను కూర్చున్న చోటికే కనిపిస్తోంది. మధ్యలో స్పాంజి కింద పడింది, కుర్రాడు తీసి రెండుసార్లు విదిల్చి డిక్కీ మీద పెట్టి రుద్దాడు. క్లే బార్ ఊసే లేదు. ఎంత కడిగినా పెయింట్‌ని పట్టుకుని వేలాడే రేణువులు కొన్ని ఉంటాయి, వాటిని లాగడానికి మైనంలా మెత్తగా ఉండే ముద్ద అది. పాలిష్‌కి ముందు అది చేయకపోతే ఆ రేణువులే మిషన్ ప్యాడ్‌లో ఇరుక్కుని కారంతా గుండ్రంగా గీసిపెడతాయి. అడిగాను కూడా. "అది కోటింగ్‌లో కలిసే వస్తుంది సార్" అన్నాడు. ఎలా కలుస్తుందో నాకు ఇవాళ్టికీ అర్థం కాలేదు. అక్కడైనా ఆపాలి కదా? ఏసీ గదిలో కూర్చోబెట్టి మర్యాద చేశారు, మళ్ళీ మళ్ళీ అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాను. నా కారు, నా డబ్బు, మొహమాటం కూడా నాదే.

ఇక మిషన్. పెద్ద రోటరీ, ఒకే చోట గిర్రున తిరిగేది. చేయి తిరిగినవాడి దగ్గర అది మంచి పనిముట్టే, కాదనను. ఇక్కడ దాన్ని పట్టుకున్న అబ్బాయి ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో గొడవపడుతున్నాడు. పెయింట్ పలచగా ఉండేదే అంచుల దగ్గర, సరిగ్గా బోనెట్ అంచు మీదే ఆగి ఆగి రుద్దుతున్నాడు. కాసేపటికి ప్యాడ్ తిప్పి నాకు చూపించాడు. నల్లగా ఉంది. "చూశారా సార్, ఎంత మురికి వస్తోందో!"

నేనేం చేశానో తెలుసా? "అమ్మో, ఇంత మురికా!" అని ఆశ్చర్యపోయి ఫోటో తీసుకున్నాను. కింద "డబ్బు వృథా కాలేదు" అని రాసి మా ఆవిడకి పంపాను కూడా.

ఆ మురికి నా కారు రంగే. ఇప్పటి కార్లకి అడుగున ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన రంగు లేని క్లియర్ కోట్ ఉంటాయి. పాలిష్ అరగదీయాల్సింది ఆ క్లియర్ కోట్‌లో కొద్దిగా మాత్రమే. దానికి రంగు ఉండదు కాబట్టి ప్యాడ్ మీదికి తెల్లటి మడ్డి రావాలి. క్లియర్ కోట్ లేని పాత పెయింట్ అయితే రంగు అంటుకోవడం మామూలే, నాది అది కాదు. నా కారు ప్యాడ్‌కి నలుపు అంటిందంటే పైపొర దాటేసి రంగులోకి దిగిపోయారు. వాళ్ళు నా కారుని గీకి ఆ గీకినదాన్నే నాకు చూపిస్తే, నేను సంబరపడి ఫోటో తీసుకున్నాను. అది తలుచుకున్నప్పుడల్లా నన్ను నేనే ఒకటి పీక్కోవాలనిపిస్తోంది.

సాయంత్రం ట్యూబ్‌లైట్ల కింద కారు అద్దంలా ఉంది. కోటింగ్ ఆరేదాకా కనీసం ఒక రోజు తడపకూడదంటారు, వీళ్ళేమో ఇచ్చేముందు టైర్లు కడుగుతూ కారు మీదే నీళ్ళు కొట్టారు. అదీ చూశాను, అప్పుడూ నోరు విప్పలేదు. మూడో వాష్ తర్వాత పొద్దున్న ఎండలో చూసేసరికి బోనెట్ నిండా సాలెగూడు, గుండ్రంగా వేలకొద్దీ సన్నటి గీతలు. ముత్యాలూ లేవు ఏమీ లేవు, నీళ్ళు చాపలా పరుచుకుంటున్నాయి. గీతలు అప్పుడే పడినవి కావు, ఇచ్చిన రోజే ఉన్నాయి. వాటిని కప్పేలా ఏదో నూనె లాంటి గ్లేజ్ పూశారు, మూడు వాష్‌లకి అది కాస్తా పోయి అసలు సంగతి బయటపడింది. నిజంగా సెరామిక్ వేసి ఉంటే మూడు వాష్‌లకి పోతుందా?

వెళ్ళాను. ఇప్పుడు చెప్పబోయేదే నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది. ఓనర్ బయటికి వచ్చాడు, కారు చుట్టూ ఒక రౌండు వేశాడు, బోనెట్ మీద అరచెయ్యి పెట్టి రాశాడు (దుమ్ము మీదే, పొడి చెయ్యి!), తర్వాత నా వైపు తిరిగి చాలా ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు అన్నాడు: "మీరు ఎండలో చూస్తున్నారు సార్. ఎండలో చూస్తే ఏ కారైనా ఇలాగే ఉంటుంది. నీడలో పెట్టి చూడండి, బాగుంటుంది."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. కారు నడిచేది ఎండలో కాక ఎక్కడండీ? ప్యాడ్ నల్లబడిన ఫోటో తీసి చూపించాను. "అది మురికి సార్, మా అబ్బాయి మీకు అప్పుడే చెప్పాడు కదా, మీరూ ఒప్పుకున్నారు కదా" అన్నాడు. ఒప్పుకున్నాను! అదీ నిజమే! బోనెట్ అంచు దగ్గర బూడిదరంగులో ప్రైమర్ కనిపిస్తోంది, వేలు పెట్టి చూపించాను. "అది కంపెనీ నుంచే అలా వచ్చుంటుంది." రెండేళ్ళుగా నేను చూసుకోలేదట! వెనకాల ఫోన్ అబ్బాయి నవ్వుతున్నాడు. చివరికి ఓనర్ జాలిపడి, "మీకంత అనుమానంగా ఉంటే ఇంకో రౌండు పాలిష్ కొట్టిస్తాను, ఫ్రీ" అన్నాడు. మిగిలిన ఆ కాస్త పొర కూడా ఫ్రీగా గీకేస్తాడట. తాళంచెవి తీసుకుని వచ్చేశాను. తిట్టాలనుకున్నవన్నీ దారిలో గుర్తొచ్చాయి.

తర్వాత వేరేచోట పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూపించుకున్నాను. రూఫ్ జోలికి వాళ్ళు పెద్దగా పోలేదు, అక్కడ 121 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). బోనెట్ మధ్యలో 96, అంచు దగ్గర 70 కూడా లేదు. మామూలుగా కంపెనీ పెయింట్ మొత్తం 100 నుంచి 150 మధ్య ఉంటుంది, అందులో క్లియర్ కోట్ 40, 50 అంతే, తల వెంట్రుక కూడా దానికంటే లావుగా ఉంటుంది. ఎండ నుంచి రంగుని కాపాడేది కూడా ఆ పొరే. అది పోయిన చోట మళ్ళీ పాలిష్ చేయడానికి ఏమీ మిగల్లేదు, బోనెట్ కొత్తగా పెయింట్ చేయించాల్సిందే అన్నారు. దుమ్ము నుంచి కాపాడుకుందామని వెళ్ళి రెండేళ్ళ దుమ్ము చేయలేని పని రెండు గంటల్లో చేయించుకొచ్చాను.

డబ్బు వెనక్కి రాలేదు, రాదు కూడా. బిల్లు మీద "పాలిష్ మరియు కోటింగ్" అని మాత్రమే ఉంది, ఏ కోటింగో, ఏ కంపెనీదో ఏమీ లేదు. మా ఆవిడ నా మీద అరవలేదు, నేను పంపిన ఆ ఫోటోని మాత్రం మళ్ళీ నాకే పంపింది. మా తమ్ముడు వచ్చి బోనెట్ చూసి, "నేను గుడ్డతో చేశానన్నయ్యా, వాళ్ళు కరెంటుతో చేశారు, అంతేగా తేడా" అన్నాడు. ఏం చెప్తాను వాడికి.

సలహా అంటారా, ఇంత జరిగాక నేనివ్వడం కామెడీగానే ఉంటుంది గానీ, పని మొదలుపెట్టకముందే పెయింట్ మందం కొలిచి రాసిమ్మనండి, మీటర్ లేదంటే అటు నుంచి అటే వచ్చేయండి. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు మీటర్ పనిచేయదు, అది చూసి కంగారుపడకండి. ప్యాడ్ మీద మీ కారు రంగు కనిపిస్తే ఫోటో తర్వాత, ముందు మిషన్ ఆపించండి. కారు తీసుకునేది పగలే, ఎండలోనే. పాలిష్ వేరు, వ్యాక్స్ వేరు, పాలిష్ అరగదీస్తుంది, వ్యాక్స్ ఊరికే పైన కూర్చుంటుంది, దుమ్ము భయానికి మాటిమాటికీ పాలిష్ చేయించకండి. దుమ్ము ఉన్న కారుని ముందు నీళ్ళతో బాగా తడిపి వదిలించాకే గుడ్డ ముట్టించండి, షాంపూకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. గిన్నెలు తోమే సబ్బు వాడితే వేసిన వ్యాక్స్ కాస్తా పోతుంది. రెండు నెలలకోసారి చేత్తో వ్యాక్స్ పూసుకుంటే చాలు, ఆదివారం పొద్దున్న ఒక గంట పని. నేను మొదట అడిగింది అదే కదా.

ఎండలో తీసిన ఫోటోలు కావాలంటే అడగండి, పెడతాను. నీడలో తీసినవి వాళ్ళ దగ్గరున్నాయి.