కాకర గింజకి ప్లాస్మా పట్టించాను: నా ట్రేల లెక్క

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. పూల మొక్కలు కాదు, కూరగాయల నారు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) నింపిన 98 గుంటల ట్రేల్లో కాకర, ఆనప, పొట్ల, వంగ పెంచి లంక రైతులకి ఇస్తాం. ధనుర్మాసం చలి మొదలైందంటే నాకు టెన్షన్ అంతా కాకర గింజతోనే. దాని తోలు గట్టిది. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వెచ్చదనం కోసం పేడ గత్తంలో పెట్టి తీసినా సరే, కొన్ని ఆరో రోజుకి లేస్తాయి, కొన్ని పన్నెండో రోజుకి. రెండాకుల మొక్క పక్కనే ఇంకా తల ఎత్తని గుంటలు. అలాంటి ట్రే రైతు చేతిలో పెట్టాలంటే నాకు మనసొప్పదు.

రావులపాలెం వైపు ఒక షెడ్డులో మొలక తొందరగా రావడానికి విత్తనాలకి ప్లాస్మా, అంటే హై వోల్టేజీతో వెలిగే గాలి, పట్టిస్తున్నారని మా తమ్ముడు చెబితే డిసెంబరు మొదట్లో వెళ్ళాను. కిందటేడు మేమే తీసి దాచుకున్న నాటు కాకర గింజలు అరకేజీ, బెండ కొంచెం, తమ్ముడి దాళ్వా (రబీ వరి) నారుమడి కోసం ఉంచిన ఎంటీయూ 1121 వడ్లు రెండు కేజీలు పట్టుకెళ్ళాం. రంగు మందు పూసిన ప్యాకెట్ విత్తనాలు తేవద్దని ఫోన్లోనే చెప్పారు. గింజకి తగలాల్సింది పైనున్న మందు పొరకి తగిలి ఆగిపోతుందట.

యంత్రం చూస్తే పెద్దగా ఏమీ లేదు. పైన ఒక లోహపు పలక, కింద ఒకటి, మధ్యలో గాజు పలక, సన్నటి సందు. గింజల్ని ఒక వరసగా పరిచి లోపలికి తోసి హై వోల్టేజీ ఇస్తే ఆ సందులో ఊదా రంగు వెలుగు వస్తుంది. ఈ పద్ధతిని డైఎలక్ట్రిక్ బ్యారియర్ డిశ్చార్జ్ అంటారు. ట్యూబ్‌లైట్ లోపల వెలిగేదీ ప్లాస్మానే. ఇందులో ఎలక్ట్రాన్లు మాత్రమే బాగా వేడెక్కుతాయి, గాలి వేడెక్కదు, అందుకే చల్లని ప్లాస్మా అంటారు. బయటికి తీయగానే పట్టుకుని చూశాను, గింజలు గోరువెచ్చగా కూడా లేవు.

ఆ గాలిలోంచే ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి పుడతాయి. అవి గింజ తోలు మీది మైనం లాంటి పొరని కొద్దిగా గీకి, పైనున్న బూజుని కొంత చంపుతాయి. యంత్రం నడిపే అబ్బాయి నా ముందే రెండు గింజల మీద చెరో నీటి చుక్క వేశాడు. మామూలు గింజ మీద అది చేమాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడింది. పట్టించిన గింజ మీద వెంటనే పరుచుకుపోయింది. "నీళ్ళు తొందరగా తాగుతుందక్కా, అంతే. చచ్చిన గింజని బతికించదు" అన్నాడు. ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది. ఈ నీరు పీల్చే గుణం రోజులు గడిచేకొద్దీ తగ్గుతుందని, రెండు మూడు రోజుల్లో విత్తేయమని కూడా చెప్పాడు.

ఇంటికొచ్చి పట్టించినవి రెండు ట్రేలు, పట్టించనివి రెండు ట్రేలు ఒకే రోజు, ఒకేసేపు నానబెట్టి వేశాను. గత్తంలో దేన్నీ పెట్టలేదు. అటు 196 గింజలు, ఇటు 196. ఆరో రోజుకి మామూలు వాటిలో 61 లేస్తే, పట్టించిన వాటిలో 112 లేచాయి. పదో రోజుకి 139, 168. చివరికి 163, 171. అంటే మొత్తం మొలకలో తేడా ఎనిమిది మొక్కలే. కానీ నాకు కావాల్సింది ఆ ఆరో రోజు లెక్క. ట్రే అంతా ఒక ఎత్తున లేచింది. పదిహేనో రోజు మొక్క లాగి చూస్తే తెల్లటి వేరు కోకోపీట్‌ని గట్టిగా చుట్టుకుని ముద్ద విడిపోకుండా వచ్చింది. ఈ కాలంలో నాకు అలా రావడం ఇదే మొదటిసారి.

పెరుగుదల గురించి మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రెండు రకాల నారూ ఒకే లంక రైతు పక్కపక్క వరసల్లో నాటాడు. పందిరి ఎక్కేసరికి ఏది ఏదో నేనే గుర్తుపట్టలేకపోయాను. నారుకుళ్ళు కూడా ఒక మూల రెండు రకాల ట్రేలకీ వచ్చింది. అది నీరు ఎక్కువైన నా తప్పు, ట్రైకోడెర్మా (కుళ్ళుని అడ్డుకునే మేలు చేసే బూజు) వేయడం మానకూడదు.

వడ్లకి డబ్బు దండగ. తమ్ముడు మండె కట్టి (నానిన వడ్లని మొలక కోసం మూటలో వెచ్చగా ఉంచి) విప్పితే రెండు మూటల్లోనూ ఒకేలా ముక్కు పగిలింది. మంచి విత్తనం, పైగా మన మండె వెచ్చదనం, ఇంక ప్లాస్మా చేసేదేముంది? కేజీకి 20 రూపాయలంటే ఎకరానికి పాతిక కేజీల మీద 500. ఆ డబ్బు నారుమడికి పెట్టుకోవచ్చు. కాకరకి వాళ్ళు తీసుకున్నది కేజీకి 80, అది నాకు గిట్టింది.

బెండ దగ్గర నష్టపోయాను. మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక అబ్బాయి మిగిలిన నిమిషాలు కాకుండా మళ్ళీ మొదటి నుంచీ పెట్టేశాడు. దెబ్బ ఎక్కువైతే గింజ లోపలి మొలకే పాడవుతుంది. 98 గుంటల్లో 43 మాత్రమే లేచాయి. ఫోన్ చేస్తే వాదించకుండా ఒప్పుకుని, గింజల ఖరీదు కూడా కలిపి తిరిగిచ్చారు. అందుకు సంతోషమే. కానీ అక్కడ టైమర్ దానంతటది ఆగే ఏర్పాటు ఉండాలి. గదిలో గాలి బయటికి లాగే ఫ్యాన్ కూడా చాలదు. పిడుగు పడ్డాక వచ్చేలాంటి ఓజోన్ వాసనకి నా గొంతు గరగరలాడింది. ఆ అబ్బాయి రోజంతా అక్కడే నిలబడతాడు. పెద్ద ఫ్యాన్ పెట్టించమని వాళ్ళ యజమానికి గట్టిగానే చెప్పాను.

వచ్చే వారం ఆనప, పొట్ల గింజలు తీసుకెళ్తున్నాను. సగమే పట్టిస్తాను, సగం మామూలుగా వేస్తాను, టైము నా ఫోన్లో నేనే చూసుకుంటాను.