పాట పాడటానికి అరిజోనా వెళ్ళొచ్చాం

మా బావ విమానాల మెకానిక్. తనూ ఇంకో ముగ్గురూ కలిసి ఒక పాత టీ-6 టెక్సాన్‌ను ఆరేళ్ళుగా బాగుచేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా పైలట్లకు శిక్షణ ఇచ్చిన విమానం అది. మన ఎయిర్‌ఫోర్స్‌లో హార్వర్డ్ అన్నది దీన్నే. నాకు విమానాల గురించి తెలిసింది తక్కువే కానీ పెద్ద వ్యాన్ నడపగలను. అందుకే మార్చిలో ఫోన్ చేసి, "బామ్మర్దీ, ఐదు రోజులు సెలవు పెట్టు, టూసాన్ పోదాం" అన్నాడు.

అరిజోనాలోని టూసాన్ నుంచి గంటన్నర దూరంలో ఓ చిన్న ఎయిర్‌ఫీల్డ్. అక్కడ ఒక పెద్దాయన జీవితమంతా మిలిటరీ విమానాలు, వాటి స్పేర్ పార్టులు పోగేసి, పోయాడు. పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. హ్యాంగర్లు (విమానాలు పెట్టే షెడ్లు) ఖాళీ చెయ్యాలి కాబట్టి మొత్తం వేలానికి పెట్టారు. గురువారం సరుకు చూసుకోవచ్చు, శుక్ర శనివారాలు పాట.

బుధవారం పొద్దున్నే దిగి నేరుగా పీమా ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంకి వెళ్ళాం. 80 ఎకరాల్లో 400 దాకా విమానాలు. పూట సరిపోతుందనుకుంటే పొరపాటే. బయట నిలబెట్టినవి ముందు చూసేయండి, పది దాటితే ఎండ నెత్తి మీద కూర్చుంటుంది. హ్యాంగర్లలోవి తర్వాతైనా చూసుకోవచ్చు. నేను ఎస్ఆర్-71 గూఢచారి విమానం దగ్గర, బీ-29 బాంబర్ దగ్గర ఫొటోలు దిగుతుంటే బావ మాత్రం చక్రాల గూళ్ళలోకి తల దూర్చి హోస్ పైపులు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూసుకుంటున్నాడు. పక్కనే డేవిస్-మంథన్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో రిటైరైన విమానాల బారు. గాలిలో తేమ తక్కువ కాబట్టి తుప్పు పట్టదు, నేల గట్టిది కాబట్టి సిమెంటు వెయ్యకుండానే నిలబెట్టేయొచ్చు. ఆ పెద్దాయన ఈ ఎడారినే ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడు అర్థమైంది.

మొదటి రాత్రి బస మాత్రం దండగ. ఎయిర్‌ఫీల్డ్‌కి దగ్గరని హైవే పక్కన ఓ మోటెల్ బుక్ చేశాం. ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. వెళ్ళి చూస్తే పూల్ ఉంది, నీళ్ళు లేవు. కిటికీ వెనకే రైలు పట్టాలు. రాత్రి రెండింటికి గూడ్సు బండి పోతుంటే మంచం కూడా కదిలింది. పొద్దున్నే ఖాళీ చేసి, ఒక రిటైర్డ్ దంపతుల ఇంటి వెనక గదిలోకి మారిపోయాం. అద్దె దాదాపు అంతే. కానీ వేడినీళ్ళు, నిశ్శబ్దం, వ్యాన్ నిలపడానికి చోటు, అన్నిటికంటే ముఖ్యంగా కొన్న సామాను పరుచుకోవడానికి ఓ పెద్ద బల్ల. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు హోటల్ నక్షత్రాలు కాదు, బల్ల ఉందో లేదో చూసుకోండి.

అసలు సంగతి గురువారమే జరిగింది. పాట రోజున వెళ్తే చాలు అనుకునేవాళ్ళు డబ్బు తగలేసుకున్నట్టే. మూడు హ్యాంగర్లు, బయట కంటెయినర్లు. ఓ మూల టీ-28 ట్రోజన్ అనే శిక్షణ విమానం రెక్కలు, ఇంకో మూల స్టియర్‌మన్ బైప్లేన్ రెక్కల చెక్క అస్థిపంజరాలు. ఎగిరే స్థితిలో ఒక్కటీ లేదు.

అందరి కళ్ళూ రెండు టీ-6ల మీద. ఒకటి వెండిరంగు పెయింటుతో నిగనిగలాడుతోంది. రెండోదానికి తోక లేదు, ఒంటి మీద సగం రేకు లేదు, కాక్‌పిట్‌లో పక్షి గూడు. నేను మొదటిదాని చుట్టూ తిరుగుతుంటే బావ టేబుల్ మీది కాగితాల పెట్టె దగ్గర కూర్చున్నాడు. మెరిసేదానికి లాగ్‌బుక్కులు, అంటే ఎంత ఎగిరింది, ఏం రిపేర్లు చేశారు అని రాసిపెట్టే పుస్తకాలు, లేవు. రెండోదానికి లాగ్‌బుక్కులు ఉన్నాయి, యజమానులు మారినప్పటి అమ్మకం కాగితాలు వరసగా ఉన్నాయి, కాక్‌పిట్‌లో డేటా ప్లేట్ ఉంది. అరచేతిలో పట్టే అల్యూమినియం రేకు ముక్క, దాని మీద సీరియల్ నంబరు. విమానం గుర్తింపంతా అందులోనే. "రేకు మనం కొట్టుకోవచ్చు రా, చరిత్ర కొట్టలేం" అన్నాడు. శనివారం పాటలో రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు పలికింది.

ఇంకో చోట స్టీలు డ్రమ్ములో మూసిపెట్టిన ఇంజన్. టీ-6లకు వాడే ఆర్-1340 వాస్ప్. తొమ్మిది సిలిండర్లు, 600 హార్స్‌పవర్. ఆ 1340 ఏమిటంటే సిలిండర్లన్నిటి ఘనపరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో. యుద్ధం రోజుల్లో తుప్పు పట్టకుండా జిడ్డు పూసి, లోపల తేమ పీల్చే గింజలు పెట్టి ఇలా సీలు వేసేవారు. డబ్బా తెరవని ఇంజన్ అంటే చాలామందికి నోరూరుతుంది. అడిగితే అక్కడున్న కుర్రాడు మూత తీసి పట్టుకున్నాడు (ఈ విషయంలో వాళ్ళ సర్వీసుకి వంక పెట్టలేను). స్పార్క్ ప్లగ్గుల చోట బిగించిన గాజులాంటి ప్లగ్గుల్లో గింజలు కనిపిస్తున్నాయి. పొడిగా ఉంటే నీలం, తేమ తగిలితే గులాబీ. పై సిలిండర్లవి నీలంగానే ఉన్నాయి. బావ నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. కింద మూడు సిలిండర్లవీ గులాబీ. లేచి చేతులు దులుపుకుని మా లిస్టులో ఆ ఇంజన్ వేలం నంబరు మీద అడ్డగీత గీసేశాడు. మర్నాడు ఆన్‌లైన్‌లో ఎవరో దాన్ని మంచి ధరకే పాడారు, పాపం.

కాక్‌పిట్ మీటర్ల టేబుల్ దగ్గర ఒకాయన రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పట్టుకుని తిరుగుతుంటే వేళాకోళం అనుకున్నా. ఆ రోజుల్లో చీకట్లో అంకెలు కనిపించడానికి డయళ్ళ మీద రేడియం పెయింటు వేసేవారు. వెలుగు ఎప్పుడో చచ్చిపోయింది, అంకెలు గోధుమరంగుకి తిరిగాయి. కానీ రేడియం సగం తరగడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. కౌంటర్ టకటకలాడుతూనే ఉంది. అలమారాలో అందానికి పెట్టుకుందామని కొనేవాళ్ళు డయల్ అద్దం మాత్రం విప్పకండి, లోపలి రేడియం పొడి ఒంట్లోకి పోతే ప్రమాదం.

శుక్రవారం పాట. మన దగ్గర పాడేది కొనేవాడు, ఇక్కడ నిజంగానే అమ్మేవాడు పాడతాడు. మొదటి పావుగంట ఒక్క అంకె కూడా చెవికెక్కలేదు. ఎవరి పాట ఎంత దాకా వచ్చిందో తెలియక ఒకటే టెన్షన్. మేము పాడింది ఒక్క ప్యాలెట్టే (చెక్క పలక మీద పేర్చిన సరుకు): స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పుట్టించే మాగ్నెటోలు రెండు, ఒక టెయిల్ వీల్, ఏఎన్ అనే విమానాల బోల్టుల డ్రాయర్ల బీరువా ఒకటి. ఏఎన్3 అంటే బోల్టు మందం అంగుళంలో పదహారో వంతులు మూడు, ఏఎన్4 అంటే నాలుగు. తల మీది గుర్తు చూసి స్టీలు బోల్టులెన్నో బావ ముందే లెక్కపెట్టుకున్నాడు. 1,400 డాలర్లకి మాకు ఖరారైంది. దాని మీద కొన్నవాళ్ళు కట్టాల్సిన కమీషన్ 15 శాతం, అంటే ఇంకో 210. పన్ను వేరే. సుత్తి పడిన ధర చూసి సంబరపడితే కౌంటర్ దగ్గర నవ్వు పోతుంది. సరుకు ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే అప్పగింత. దేశం దాటించాలంటే ఎగుమతి లైసెన్సు బాధ్యత కూడా మనదేనని కాగితంలో రాసి ఉంది. మిలిటరీ భాగాలు కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

అంతదాకా బాగానే నడిపిన ఆ వేలం కంపెనీ లోడింగ్ దగ్గర మాత్రం చేతులెత్తేసింది. అంతమంది కొన్నవాళ్ళకి ఒకే ఒక్క ఫోర్క్‌లిఫ్ట్. మూడు గంటలు ఎండలో నిలబడ్డాం. తీరా ప్యాలెట్ వచ్చాక చూస్తే ఒకటే మాగ్నెటో. కేటలాగ్ ఫొటోలో రెండు ఉన్నాయి కదా అంటే, ఆఫీసులో అమ్మాయి ఫొటో వంక కూడా చూడకుండా "ఉన్నది ఉన్నట్టే అండి" అంది. వెనక్కి ఇవ్వడం, తగ్గించడం లేవు.

బావ మాట్లాడకుండా బయటికొచ్చి వరసలో ఉన్న ప్యాలెట్లన్నీ ఒక్కోటీ చూస్తూ పోయాడు. మూడోదాని యజమాని ఓ ముసలాయన, తాళ్ళు బిగిస్తున్నాడు. సంగతి చెప్పాం. విసుక్కోకుండా కట్టిన తాళ్ళు మళ్ళీ విప్పాడు. మా రెండో మాగ్నెటో ఆయన కార్బురేటర్ల పెట్టె అడుగున, మైనపు కాగితం చుట్టి, పసుపు ట్యాగుతో ఉంది. పసుపు అంటే వాడకానికి పనికొస్తుందని. ఆకుపచ్చ అయితే రిపేరు చెయ్యాలి, ఎరుపు అయితే పారెయ్యాలి. బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని షాఫ్టు వేళ్ళతో తిప్పాడు. లోపలి అయస్కాంతం పట్టు వల్ల ఆగి, ఆగి, టక్కున తిరిగింది. ముసలాయన డబ్బులేం అడగలేదు. మీరు ఏ విమానం కడుతున్నారని మాత్రం అడిగాడు. ఆ తర్వాత ఇద్దరూ ఇంకో గంట మాట్లాడుకున్నారు, నేను వ్యాన్‌లో ఏసీ వేసుకుని పడుకున్నాను.

వ్యాన్ అప్పగించేముందు ఊడుస్తుంటే నేల సందులో మూడు ఏఎన్4 నట్లు దొరికాయి. బావ లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు.