ఫంక్షన్ హాలు తెరకు ఏ వైరు మేలు? హెచ్‌డీఎంఐ, ఎస్‌డీఐ, హెచ్‌డీబేస్‌టీ

వేదిక పక్కన ఎల్ఈడీ తెర, హాలు వెనుక మూలన కెమెరాల బొమ్మల్లోంచి తెరకు వెళ్లేదాన్ని ఎంచే వీడియో మిక్సర్ బల్ల, రెంటికీ నడుమ గోడ వెంబడి కొలిస్తే యాభై మీటర్ల దారి. తెర కొలతల గురించి పది రోజులు బేరమాడే యజమానులు, కెమెరాల నుంచీ ల్యాప్‌టాప్ నుంచీ మిక్సర్‌లోకి బొమ్మ ఏ వైరు మీద రావాలన్న సంగతిని మాత్రం ఎలక్ట్రీషియన్‌కు వదిలేస్తారు. అతడు సహజంగానే తనకు తెలిసిన హెచ్‌డీఎంఐ వేస్తాడు.

2002లో ఇంటి టీవీలను దృష్టిలో పెట్టుకొని వచ్చిన హెచ్‌డీఎంఐకి ఉన్న పెద్ద సుగుణం, అది లేని పరికరం దాదాపు లేకపోవడమే. అయితే మామూలు రాగి వైరు మీద 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మ పది పదిహేను మీటర్లు దాటితే నమ్మకం ఉండదు. 4కే అయితే ఐదారు మీటర్లకే అనుమానం మొదలవుతుంది. పైగా రెండు వైపుల పరికరాలు ఒకదాని సామర్థ్యాన్ని మరొకటి అడిగి తెలుసుకొని, హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ తాళాన్ని సరిచూసుకున్నాకే బొమ్మ మొదలవుతుంది కాబట్టి, వైరు ఒక్క క్షణం కదిలినా ఆ తతంగమంతా మళ్లీ జరగాలి. నేను పనిచేసిన ఒక పెళ్లిలో జీలకర్ర-బెల్లం వేళకు గట్టిమేళం మోగగానే జనం ముందుకు తోసుకురావడంతో, కెమెరాకున్న మైక్రో హెచ్‌డీఎంఐ పిన్ను వెంట్రుకవాసి జరిగింది. తెర నల్లబడి, మళ్లీ బొమ్మ వచ్చేసరికి వధూవరుల చేతులు కిందికి దిగిపోయాయి.

ఎస్‌డీఐలో ఈ బెడద లేదు. టీవీ స్టూడియోల కోసం 1989లో ప్రమాణీకరించిన ఈ పద్ధతిలో బొమ్మ ఒకే దిశలో పోతుంది. ఎవరినీ ఏమీ అడగదు, తాళాలు చూడదు, కనుక ఊడిన వైరు తిరిగి తగిలించగానే బొమ్మ వచ్చేస్తుంది. పావు వంతు తిప్పితే బిగుసుకునే బీఎన్‌సీ కనెక్టర్ కాలు తగిలినా తేలిగ్గా ఊడదు. సెకనుకు 2.97 గిగాబిట్లు మోసే 3జీ-ఎస్‌డీఐ, మంచి 75 ఓముల (ఓము అంటే విద్యుత్ అడ్డంకి కొలత) కోయాక్సియల్ వైరు, అంటే నడిమి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉండే వైరు మీద 1080పీ బొమ్మను వంద మీటర్ల దాకా తీసుకుపోగలదు. అదే వైరులో పదహారు ఛానళ్ల శబ్దం కూడా వస్తుంది. కాకపోతే వైరు కొనేటప్పుడు కళ్లు తెరిచి ఉండాలి: రేడియో సెట్లకు వాడే 50 ఓముల వైరు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కేబుల్ టీవీ వైరు 75 ఓములదే అయినా చాలావాటిలో నడిమి తీగ రాగి పూత పూసిన ఉక్కు కాబట్టి బొమ్మ పోగలిగే దూరం పడిపోతుంది. ఎస్‌డీఐలో హెచ్చరిక కూడా పెద్దగా ఉండదు. హద్దు దగ్గరపడితే తెర మీద నాలుగు చుక్కలు మెరుస్తాయి, మరికొంత పొడవు పెరిగితే బొమ్మే ఉండదు.

మరి ల్యాప్‌టాప్ మాటేమిటి? దానికి ఎస్‌డీఐ ఉండదు. హెచ్‌డీఎంఐని ఎస్‌డీఐగా మార్చే కన్వర్టర్ పెట్టవచ్చుగానీ, హెచ్‌డీసీపీ తాళమున్న వీడియోను మామూలు కన్వర్టర్లు దాటనివ్వవు. ఇక్కడే హెచ్‌డీబేస్‌టీ అక్కరకొస్తుంది. ఎల్‌జీ, శాంసంగ్, సోనీ, వాలెన్స్ కలిసి 2010లో కూటమి కట్టి ముందుకు తెచ్చిన ఈ పద్ధతిలో, రెండు కొసల చిన్న పెట్టెలు పెడితే హెచ్‌డీఎంఐ బొమ్మ తన తాళంతో సహా ఒక్క క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు మీద వంద మీటర్ల వరకూ పోతుంది. అవతలి పెట్టెకు కరెంటు కూడా అదే వైరు మీద ఇచ్చే రకాలున్నాయి. నెట్‌వర్క్ వైరే గదా అని మధ్యలో ఇంటర్నెట్ స్విచ్ పెడితే మాత్రం పనిచేయదు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అసలే వద్దు.

కాబట్టి అలాంటి హాలుకు నేను కెమెరాలన్నింటికీ ఎస్‌డీఐ, వేదిక మీది ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీబేస్‌టీ ఖాయం చేస్తాను. హెచ్‌డీఎంఐని పరికరానికీ పక్కనున్న పెట్టెకూ మధ్య రెండు మీటర్ల లోపే ఉంచుతాను. ఎస్‌డీఐ లేని పెళ్లి కెమెరాకు దాని రిగ్ (కెమెరాను బిగించే చట్రం) మీదే కన్వర్టర్ బిగిస్తే చాలు. చిన్న సమావేశపు గదిలో, బల్ల పక్కనే తెర ఉన్నచోట, ఈ ఖర్చంతా దండగ. అక్కడ హెచ్‌డీఎంఐ ఒక్కటీ చాలు.

రేపు 4కేకు మారే ఆలోచన ఉంటే, సెకనుకు 11.88 గిగాబిట్ల 12జీ-ఎస్‌డీఐకి తగిన వైరునే ఇప్పుడు పైపులో వేయించి, ఫాల్స్ సీలింగ్ మూయకముందే ప్రతి వైరు మీదా బొమ్మ పెట్టి గంటసేపు నడిపించి చూడాలి.