ప్లగ్స్, హెడ్‌ఫోన్స్, ఫ్యాన్ శబ్దం: మిసోఫోనియాకు ఏది మేలు?

"ఇయర్‌ప్లగ్స్ కొనాలా, నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొనాలా?" మిసోఫోనియా, అంటే కొన్ని చిన్న చిన్న శబ్దాలకే పట్టరాని కోపం వచ్చే ఇబ్బంది, ఉన్నవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే. వీళ్లలో హాస్టల్ పిల్లలున్నారు, కొత్తగా అత్తగారింటికి వెళ్లిన ఆడపిల్లలున్నారు. పక్కవాళ్లు బొరుగులు నమిలినా, టీ జుర్రినా ఒళ్లంతా బిగుసుకుపోయి కోపం తన్నుకొచ్చే బాధ వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. ప్లగ్స్, హెడ్‌ఫోన్స్ పక్కన మూడోదాన్ని కూడా పెట్టి చూడమంటాను. అది గదిలో సన్నటి శబ్దం ఒకటి ఆగకుండా ఉండేట్టు చూసుకోవడం. నేను ఎంచుకున్నదీ అదే.

ముందుగా ఒకటి తేల్చుకోండి. గిన్నెల చప్పుడు, హారన్, పిల్లల అరుపు, అన్నీ చెవిలో పొడిచినట్టు ఉంటే అది హైపరాక్యూసిస్ కావచ్చు. దానికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకోవాలి. మిసోఫోనియాలో శబ్దం ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు. డప్పుల మోతను తట్టుకునే మనిషే పక్కన ఎవరో ముక్కు ఎగబీలిస్తే తట్టుకోలేడు. 2017లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీ పరిశోధకులు మిసోఫోనియా ఉన్నవాళ్లకు ఇలాంటి శబ్దాలు వినిపించి స్కాన్ చేశారు. మెదడులో యాంటీరియర్ ఇన్సులా అనే భాగం మిగతావాళ్లలో కంటే చాలా ఎక్కువగా స్పందించింది, గుండె వేగం కూడా పెరిగింది. "కావాలనే చేస్తున్నావు" అనే ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ఇక ఫోమ్ ప్లగ్స్. వందలోపే దొరుకుతాయి, జేబులో పడతాయి. సరిగ్గా పెట్టుకోవడం తెలియక చాలామంది పనిచేయలేదని పారేస్తారు. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి తోయాలి. అది ఉబ్బి చెవిని నింపేదాకా వేలితో అలాగే పట్టుకోవాలి. రాత్రి గురక వినబడకుండా నిద్ర పోవడానికి, పరీక్ష హాల్లో కూర్చోవడానికి ఇవి బాగా పనికొస్తాయి. వినాయక నిమజ్జనానికి కర్నూలులో కేసీ కెనాల్ వైపు డీజే బాక్సుల పక్కన నడవాల్సి వస్తే, మిసోఫోనియా లేనివాళ్లు కూడా పెట్టుకోవాల్సిందే. భోజనం దగ్గర మాత్రం వద్దు. చెవులు మూసుకుని తింటే మన నమలుడే మన తలలో గట్టిగా మోగుతుంది.

రోజంతా ప్లగ్స్‌తో గడపడంలో ఇంకో ఇబ్బంది ఉంది. లోపలికి వచ్చే శబ్దం తగ్గేకొద్దీ వినికిడి వ్యవస్థ తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. మామూలు వినికిడి ఉన్నవాళ్లతో రెండు వారాల పాటు ప్లగ్స్ పెట్టించి చూసిన ప్రయోగంలో, తీసేశాక వాళ్లకు శబ్దాలు ముందుకంటే పెద్దగా అనిపించాయి. అందుకే ఏది ఎంత శబ్దాన్ని ఆపుతుందన్నదాని కంటే, దాన్ని తీసేశాక మన పరిస్థితి ఏమిటన్నదే నేను ముందు చూస్తాను.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ మీద ఆశ పెట్టుకుని వేలు పోసేముందు వాటి పని తీరు తెలుసుకోండి. ఇంజన్ మోత, ఏసీ గుయ్యిమనడం లాంటి ఒకే తీరున సాగే లావు శబ్దాలను అవి బాగా తగ్గిస్తాయి. నమలడం, చప్పరించడం, పెన్ను టిక్కుటిక్కుమనిపించడం లాంటి చటుక్కుమనే సన్న శబ్దాలను అంతగా ఆపలేవు. అనంతపురం నుంచి కర్నూలు బస్సులో పెట్టుకుంటే ఇంజన్ మోత మాయమవుతుంది, పక్క సీటాయన చిప్స్ ప్యాకెట్ మాత్రం ఇంకా స్పష్టంగా వినబడుతుంది. అంతవరకు ఆ శబ్దాన్ని కప్పిపెట్టింది ఇంజనే మరి! హెడ్‌ఫోన్స్‌లో వాన శబ్దమో పాటో పెట్టుకుంటేనే పూర్తి ఫలితం. వాల్యూమ్ విషయంలో జాగ్రత్త: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలకు మించకూడదు.

నా మొగ్గు శబ్దం పెట్టుకోవడం వైపు ఎందుకంటే, నిశ్శబ్దంలో చిన్న చప్పుడు కూడా అమావాస్య రాత్రి మిణుగురులా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మా అనంతపురంలో ఎండాకాలమంతా కూలర్ హోరుమంటూనే ఉంటుంది కాబట్టి భోజనాలు పెద్దగా టెన్షన్ లేకుండా సాగిపోతాయి. చలికాలంలో ఫ్యాన్ ఆపేస్తారు, ఇల్లు నిశ్శబ్దమవుతుంది, గొడవలు అప్పుడు మొదలవుతాయి. ఆ నెలల్లో టేబుల్ ఫ్యాన్‌ను గోడవైపు తిప్పి పెట్టండి, చలి కొట్టదు, శబ్దం మిగులుతుంది. లేదా ఫోన్‌లో వాన శబ్దం చిన్నగా పెట్టుకోండి. నమిలే శబ్దాన్ని పూర్తిగా ముంచేయక్కర్లేదు, దాని అంచు అరిగితే చాలు. చెవులు తెరిచే ఉంటాయి కాబట్టి అవ్వ మాట్లాడితే వినబడుతుంది, "మమ్మల్ని చూసి చెవులు మూసుకుంటున్నాడు" అని ఎవరూ నొచ్చుకోరు. రోజూ కలిసి తినాల్సిన ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

భోజనం దగ్గర ఇంకొకటి: అందరితో పాటే తినండి. మీరు ముందే తినేసి ఊరికే కూర్చుంటే ప్రతి ముద్దా వినబడుతుంది. మీరూ నములుతుంటే ఎదుటివాళ్ల శబ్దం చాలావరకు మీ శబ్దంలో కలిసిపోతుంది. జొన్నరొట్టె రోజున ఇది మరీ బాగా పనిచేస్తుంది.

ఇంట్లో చెప్పడం తప్పదు, కానీ కంచం ముందు చెప్పకండి. సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు, "నాయనా, నువ్వు తినే తీరులో తప్పేం లేదు. నా మెదడుకు ఆ శబ్దం పడట్లేదు. తినేటప్పుడు ఫ్యాన్ వేసుకుందామా?" అని అడగండి. నెపం మోపకుండా ఒక పని అడిగితే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు.

"వినగా వినగా అదే అలవాటవుతుంది" అని బలవంతంగా కూర్చోబెట్టడం వద్దు. దాంతో కోపం పెరగడమే నేను చూశాను. దీనికంటూ ఆమోదం పొందిన మందు లేదు. చెవిలో నూనె పోయడం లాంటివి దీనికి పనిచేయవు.

ఇవన్నీ చేసినా చదువు, ఉద్యోగం, కాపురం దెబ్బతింటుంటే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది. నెదర్లాండ్స్‌లో 54 మందితో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, సీబీటీ తీసుకున్నవాళ్లలో 37 శాతం మందికి స్పష్టంగా మెరుగైంది. దానికోసం వేచి ఉన్నవాళ్లలో ఒక్కరికీ కాలేదు. అందరికీ పనిచేస్తుందని చెప్పలేం కానీ, ప్లగ్స్, హెడ్‌ఫోన్స్ చేయలేని పని ఇది చేస్తుంది. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. మిసోఫోనియా అన్న పేరు డాక్టర్‌కు కొత్తగా అనిపిస్తే, ఏ శబ్దానికి, ఎవరి దగ్గర, ఎంత కోపం వస్తోందో రాసుకున్న కాగితం చూపించండి. ఆసుపత్రికి వెళ్లడానికి జంకేవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.