ఆటోస్టిక్ బీటిల్‌కు క్లచ్ పెడల్: బరంపురం షెడ్డులో పని ఎలా ఉంది

బరంపురం ఊరి బయట, 16వ నంబరు హైవే పక్కనున్న షెడ్డు ఇది. రోజూ వచ్చేవి బొలేరోలు, ఆటోలు. అలాంటి చోట క్లచ్ పెడల్ లేని ఫోక్స్‌వాగన్ బీటిల్ ఆటోస్టిక్ కారును క్లచ్ పెడల్ ఉండే మాన్యువల్‌గా మార్చే పని ఒప్పుకున్నారంటే ముందు అనుమానమే కలుగుతుంది. తీరా చూస్తే గేరు బాక్సు పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా క్లచ్ కేబుల్ దగ్గరే.

1968 మోడల్‌తో వచ్చిన ఆటోస్టిక్‌లో మూడే గేర్లు, క్లచ్ పెడల్ ఉండదు. గేరు రాడ్ పట్టుకోగానే అందులోని స్విచ్ కలిసి, ఇంజిన్ వాక్యూమ్‌తో క్లచ్ విడుతుంది. కింద ఉన్నది ఐఆర్ఎస్, అంటే వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే, ఒక్కో పక్క రెండు జాయింట్లుండే యాక్సిల్ కాబట్టి, నాలుగు గేర్ల బాక్సు కూడా ఐఆర్ఎస్‌దే కావాలి. ఒక్కో పక్క ఒకే జాయింటుండే పాతరకం స్వింగ్ యాక్సిల్ బాక్సు చవగ్గా దొరికినా కొనొద్దని మేస్త్రి ముందే చెబుతాడు.

ఫ్లైవీల్ బిగించిన తీరు చూస్తే ముచ్చటేసింది. టార్క్ కన్వర్టర్‌ను ఇంజిన్‌కు కలిపే డ్రైవ్ ప్లేట్ తీసి 200 మిల్లీమీటర్ల క్లచ్‌కు సరిపడే ఫ్లైవీల్ పెట్టారు. ఫ్లైవీల్‌ను క్రాంకుకు బిగించే గ్లాండ్ నట్‌ను, నీడిల్ బేరింగ్ ఉన్నది, కొత్తది వేశారు. గేరు బాక్సు షాఫ్టు కొస తిరిగేది దాంట్లోనే. షిమ్‌లు (పల్చటి రింగులు) మూడు వేసి, డయల్ గేజ్‌తో క్రాంక్ ఎండ్ ప్లే, అంటే క్రాంకు ముందుకూ వెనక్కీ కదిలే సందు, 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల మధ్యకు తెచ్చారు. ఆ తర్వాతే 36 సాకెట్‌తో 30 కేజీ-మీటర్ల బిగింపు. ఇలా కొలిచి బిగించకుండా పానాకు పైపు తగిలించి ఇద్దరు వేలాడటం మన వైపు షెడ్లలో మామూలే. ఆ నట్ వదులైతే ఫ్లైవీల్‌నూ క్రాంకునూ కలిపి పట్టే డోవెల్ పిన్నుల రంధ్రాలు అరిగి, ఫ్లైవీల్‌తో పాటు క్రాంకు కూడా పోతుంది.

ఆయిల్ పంపూ మరిచిపోలేదు. ఆటోస్టిక్‌లో ఇంజిన్ ఆయిల్ పంపుకు టార్క్ కన్వర్టర్ ఆయిల్ పంపు జోడించి ఉంటుంది. దాన్ని తీసి మామూలు పంపు వేసేటప్పుడు పంపును తిప్పే కామ్‌షాఫ్టు గేరుకు రివెట్లు మూడా, నాలుగా అని చూడాలి. మూడుంటే ఒక రకం పంపు, నాలుగుంటే ఇంకో రకం. ఇంటేక్ మానిఫోల్డ్ మీద పాత క్లచ్‌కు వెళ్లే వాక్యూమ్ దారిని కూడా మూశారు. వదిలేస్తే గాలి లాగి ఐడ్లింగ్ నిలవదు.

ఇక కేబుల్ సంగతి. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తిన్న బండి అది. బండి అడుగున మధ్యగా పోయే టన్నెల్ లోపల క్లచ్ కేబుల్ గొట్టం ఉందా, దాని వెల్డింగ్ ఆగి ఉందా అన్నది బాక్సు దింపకముందే చూడాలి. చూడలేదు. పెడల్ తొక్కితే గొట్టమే కదిలి, క్లచ్ సగమే విడింది. రివర్స్ వేస్తే కరకరలు. టన్నెల్ కోసి వెల్డింగ్ చేయాల్సి వచ్చింది. ఆపైన వెనకాల, టన్నెల్ నుంచి గేరు బాక్సు వరకు కేబుల్‌ను తీసుకెళ్లే బౌడెన్ గొట్టాన్ని దాదాపు తిన్నగా లాగేశారు. దానికి 25 నుంచి 45 మిల్లీమీటర్ల వంపు ఉండాలి. లేకపోతే బండి కదిలేటప్పుడు ఒళ్లంతా వణుకుతుంది. బ్రాకెట్ దగ్గర వాషర్లు వేసి సరిచేశారు, అది కూడా అడిగాకే. పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పట్టేముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) మాత్రం 15 మిల్లీమీటర్లు ఉంది, 10 నుంచి 20 లోపే కాబట్టి బాగుంది.

స్టార్టర్ షాఫ్టు కొస కూర్చునే బుష్ గేరు బాక్సు కేసింగ్‌లో ఉంటుంది. అది మార్చమని మీరే చెప్పాలి, వాళ్లంతట వాళ్లు మార్చరు. న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్టర్ తిరగనిచ్చే స్విచ్ వైర్లు కలిపారు గానీ ఇన్సులేషన్ టేపు నాసిరకం.

షెడ్డులో ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. సామాన్లకూ మజూరీకీ బిల్లు విడివిడిగా రాస్తారు. విప్పిన ఆటోస్టిక్ సామానంతా అడిగి తెచ్చుకోండి, మళ్లీ దొరకదు. బాక్సులో 90 నంబరు గేరు ఆయిల్ 3 లీటర్లు పోశారా అని ఫిల్లర్ ప్లగ్ విప్పి చూడండి. కొన్నాళ్లు తిప్పాక వెనక యాక్సిల్ కొసలనున్న సీవీ జాయింట్ల బోల్టులను 3.5 కేజీ-మీటర్లకు మళ్లీ బిగించాలి. ఆ పనికి డబ్బు తీసుకోవడం లేదు.