ఆఫీసులు ఖాళీ చేసే పనిలో 2021 నుంచి వాడుతున్న గ్లౌజులు, బూట్లు, ట్రాలీ

మాదాపూర్, గచ్చిబౌలి, బేగంపేట వైపు కంపెనీలు వదిలేసిన ఆఫీసుల్లో సామాను విప్పి, కిందికి దించి, డీసీఎంలో ఎక్కించి పంపడం మా పని. వర్క్‌స్టేషన్లు, గాజు తలుపులు, ఫాల్స్ సీలింగ్, యూపీఎస్ బ్యాటరీలు, చివరికి నేలకు అంటిన కార్పెట్ కూడా మేమే తీయాలి. కరోనా వచ్చాక 2021లో ఇలాంటి పనులు ఒక్కసారిగా పెరిగాయి. రక్షణ సామాను సొంత డబ్బుతో కొనడం అప్పుడే మొదలుపెట్టాను. ఏది పనికొచ్చిందో, ఏది మూలన పడిందో చెబుతాను. బ్రాండ్ల పేర్లు రాయడం లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో ఒకే రకం సరుకు నాలుగు పేర్లతో దొరుకుతుంది, నేను దాని మీది గుర్తులు చూసి కొంటాను.

ముందు గ్లౌజులు. ఈ పనిలో ఎక్కువమంది వాడేవి అరచేతిలో రబ్బరు చుక్కలుండే తెల్లటి నూలు గ్లౌజులు. జత ఇరవై రూపాయల లోపే. నేనూ అవే ఇచ్చేవాణ్ణి. 2021 చివర్లో ఒక రాత్రి పార్టిషన్ అల్యూమినియం చట్రం లాగుతుంటే జారి, మా కుర్రాడి అరచెయ్యి గ్లౌజుతో సహా తెగింది. ఏడు కుట్లు పడ్డాయి. బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, చేతికి చుట్టిన తువ్వాలు దారి పొడవునా నా వీపుకి తడిగా తగులుతూనే ఉంది. మర్నాడే రాణిగంజ్ వెళ్లాను.

గ్లౌజు వెనక సుత్తి బొమ్మ, దాని దగ్గర ఈఎన్ 388 అని ఉండాలి, అది గ్లౌజులకు యూరప్ ప్రమాణం. కింద వరుసగా నాలుగు అంకెలుంటాయి. మొదటిది రాపిడికి, రెండోది కోతకి, మూడోది చిరుగుకి, నాలుగోది గుచ్చుకోవడానికి. ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం వస్తుంది. అది కోతను ఇంకో పద్ధతిలో పరీక్షించిన స్థాయి. మా పనికి సి సరిపోయింది. జత మూడు వందల దాకా పడుతుంది, మాకు దాదాపు ముప్పై రోజుల పని వస్తుంది. సబ్బు నీళ్లలో ఉతికి నీడలో ఆరేస్తే తెల్లారేసరికి సిద్ధం.

మొదట్లో మావాళ్లు ఒప్పుకోలేదు. "అన్నా, ఇవి తొడుక్కుంటే స్క్రూలు పట్టు దొరుకుతలేదు" అని తీసి జేబులో పెట్టుకునేవాళ్లు. తప్పు నాదే. అందరికీ ఒకే సైజు తెచ్చాను. తర్వాత ఒక్కొక్కరి చెయ్యి చూసి 8, 9, 10 సైజులు విడివిడిగా తెచ్చాక గొడవ తగ్గింది. సైజు సరిపోని గ్లౌజు ఎంత మంచిదైనా డబ్బు దండగ. ఇంకో సంగతి, కోతకు తట్టుకునే గ్లౌజు మేకును ఆపదు. నాలుగో అంకె ఎక్కువున్నా సన్నటి స్టేపుల్ పిన్ను దిగిపోతుంది. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ చివరి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడని అడుగుతాను. పదేళ్లు దాటితే ముందు అది వేయించాకే పనిలోకి.

బూట్ల విషయంలో నాకు పూర్తి తృప్తి. ఐఎస్ 15298 (మన దేశపు ప్రమాణం) గుర్తు, ముందు ఉక్కు టోపీ 200 జూళ్ల దెబ్బకు పరీక్షించినదని రాసి ఉంటే తీసుకుంటాను. మూడేళ్ల కింద స్టీల్ అల్మారా ఒకటి ట్రాలీ మీంచి జారి ఒకతని కాలి మీద పడింది. బూటు ముందుభాగం సొట్టపోయింది, వేళ్లకు ఏమీ కాలేదు. ఆ బూటు మళ్లీ వాడలేదు, ఒకసారి నలిగిన టోపీని నమ్మకూడదు. కొనేటప్పుడు అడుగున కూడా ఉక్కు రేకు ఉందా అని గట్టిగా అడగండి. చాలావాటికి ముందు టోపీ ఉంటుంది కానీ అడుగున ఏమీ ఉండదు. పీకేసిన ప్లైవుడ్ మేకులు పైకి చూస్తూ నేలంతా పరుచుకునే మా పనిలో అడుగు రేకే ఎక్కువసార్లు కాపాడింది. చవకగా వచ్చాయని ఒకేసారి ఇరవై జతలు కొన్నాను, అది పొరపాటు. అట్టపెట్టెల్లో మూడేళ్లు ఉండిపోయిన వాటి పీయూ (పాలీయురేథేన్) సోలు తేమకు పెళుసై, తొడిగిన రోజే పొడి పొడిగా రాలింది.

గాజు దగ్గర గ్లౌజు, బూటు కన్నా లెక్క ముఖ్యం. 12 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపంటే 58 కిలోల దాకా. చూడ్డానికి పలచగా ఉంటుంది కాబట్టి ఒక్కడే ఎత్తబోతాడు. ఇద్దరు లేనిదే, గాజుకు అతుక్కునే వ్యాక్యూమ్ పిడులు లేనిదే ముట్టుకోవద్దని చెప్పాను. టఫెన్డ్ గాజు అంచు గ్రానైట్‌కి తగిలితే మొత్తం ఒక్కసారే పలుకులైపోతుంది. కింద పాత కార్పెట్ ముక్క వేసి దాని మీదే ఆనిస్తాం.

బ్యాటరీల గదిలో మాత్రం ఇవేవీ సరిపోవు. భవనం కరెంటు తీసేసినా బ్యాటరీలు బతికే ఉంటాయి. 12 వోల్టులవి ముప్పై వరుసగా కలిపితే 360 వోల్టుల డీసీ. ఈ గ్లౌజులు కరెంటు నుంచి కాపాడేవి కావు. ముందు ఎలక్ట్రీషియన్ వచ్చి, ఇన్సులేషన్ ఉన్న పనిముట్లతో లింకులు విప్పి, టెర్మినళ్లకు టోపీలు పెట్టాకే మేం లోపలికి వెళ్తాం. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఒక్కోటి దాదాపు 30 కిలోలు. ట్రాలీ లేకుండా అలాంటివి ముప్పై మోస్తే మర్నాడు నడుము పట్టేసి సగం మంది రారు.

నేను పెట్టిన ఖర్చులన్నిటిలో ఆ ట్రాలీయే మేలు. బ్రేకులున్నదే కొనండి. బేస్‌మెంట్ ర్యాంపు మీద బ్రేకు లేని పాత ట్రాలీ ఒకసారి చేతులోంచి జారి నేరుగా గోడకు గుద్దుకుంది. కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. దించేటప్పుడు మనుషులు పైవైపు నుంచే పట్టుకోవాలి, ఎవరూ దాని దారిలో నిలబడకూడదు.

మాస్కు సంగతి చెప్పాలంటే బాధేస్తుంది. సీలింగ్ జిప్సం, గ్లాస్‌వూల్ రాలే చోట సన్నటి దుమ్మును ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు తప్పనిసరి. కానీ ఏసీ ఆపేసిన అద్దాల భవనంలో మే నెలలో రెండు గంటలకే చెమటకు తడిసి ఊపిరి ఆడదు. మంచి కంపెనీవీ తెచ్చాను, తేడా లేదు. ఇప్పుడు మనిషికి పూటకు రెండు ఇస్తున్నాను, గంటకోసారి బయటకు పంపి మజ్జిగ తాగిస్తున్నాను. ట్యూబులైట్లను మాత్రం ఎవరూ పగలగొట్టకూడదు, వాటిలో పాదరసం ఉంటుంది. అట్టపెట్టెలో నిలువుగా పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇస్తాం.

హెల్మెట్, రంగు జాకెట్ ఏ కంపెనీవైనా ఫరవాలేదు.

2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాములో మంటలు లేచి, పై అంతస్తులో పడుకున్న బీహార్ కార్మికులు 11 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నిద్ర పట్టలేదు. అప్పటికి మావాళ్లు ఇద్దరు మా గోదాములోనే, వైర్ల కట్టల పక్కన పడుకునేవాళ్లు. ఆ వారమే వాళ్లకు వేరే గది అద్దెకు తీసుకున్నాను. మంటలార్పే 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్లు రెండు కొని గోదాము తలుపు దగ్గరే తగిలించాను. వాటి ముల్లు పచ్చభాగంలో ఉందో లేదో నెలకోసారి చూస్తాను.

వచ్చే వారం బేగంపేటలో రెండంతస్తుల పని ఉంది. గ్లౌజులు పన్నెండు జతలు, బూట్లు మూడు జతలు కొత్తగా తెచ్చాను. చెయ్యి తెగిన ఆ కుర్రాడే ఇప్పుడు మేస్త్రీ, సైజులు వాడే చూసి పంచుతాడు.